ఎక్కడిదాకా వచ్చారు?

మా మార్టూరులో ఎవరైనా పోతే, ఇంటి ముందు వేసిన టెంటు కింద చేరినవాళ్లు వెనకటికి రెండు మాటలు అడిగేవాళ్లు. ఎట్లా పోయాడు, ఎప్పుడు లేపుతారు? మొదటిదానికి ఇప్పటికీ ఇంట్లోవాళ్లే చెబుతారు. రెండోదాని జవాబు మాత్రం చాలా ఇళ్లల్లో ఊరు దాటి పోయింది. అది డాలస్‌లో ఉంటుంది, దుబాయిలో ఉంటుంది, ఆ రెంటి మధ్య ఆకాశంలో ఉంటుంది. అందుకని ఇప్పుడు వచ్చినవాళ్లు వచ్చినట్టే "పిల్లలు ఎక్కడిదాకా వచ్చారు?" అని అడుగుతున్నారు. "దుబాయిలో దిగారంట, ఇంకో విమానం ఎక్కాలంట" అని ఎవరో ఒకరు చెబుతారు. తమ్ముడి కొడుకో, మేనల్లుడో ఫోను తీసి చూపిస్తాడు. పసుప్పచ్చటి చిన్న విమానం బొమ్మ ఏదో సముద్రం అంచున మెల్లగా జరుగుతూ ఉంటుంది. ఏనాడూ విమానం ఎక్కని పెద్దాయన కళ్లజోడు సర్దుకుని ఆ బొమ్మను చూస్తాడు. చూసి, లెక్క వేసుకుంటాడు.

నేను కూడా లెక్క వేసుకునేవాణ్నే. మా అమ్మాయి డాలస్ పక్కన ఉంటుంది. పైగా బడిలో సాంఘికశాస్త్రం చెప్పిన వాణ్ని, దూరాల మీద మక్కువ ఎక్కువ. హైదరాబాద్ నుంచి డాలస్ ఎంత దూరమని ఫోనును అడిగితే సుమారు 14,400 కిలోమీటర్లని చెబుతుంది. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్య అయినా దూరం 20,000 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ దాటదు, ఎందుకంటే అంతకంటే ముందుకు పోతే మళ్లీ దగ్గరికి వస్తున్నట్టే. అంటే మా అమ్మాయి భూమి మీద ఉండగలిగినంత దూరంలో దాదాపు మూడొంతులు పోయి ఉంది.

ఆ 14,400 అనే అంకె ఎలా వచ్చిందో పిల్లలకు చెప్పడం నాకు ఇష్టమైన పాఠాల్లో ఒకటి. గోడ మీది పటం చూస్తే అమెరికా మనకు పడమర ఉంటుంది. అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి వెళ్లాలనిపిస్తుంది. గ్లోబు తీసుకుని హైదరాబాద్ మీద దారం ఒక కొస, డాలస్ మీద ఇంకో కొస పెట్టి బిగువుగా లాగితే దారం పడమరకు పోదు, నేరుగా ఉత్తరానికి లేస్తుంది. ఢిల్లీ మీదుగా పోతుంది. హిమాలయాలు దాటి, కజకిస్తాన్, సైబీరియా మీదుగా మంచు సముద్రంలోకి దిగి, ఉత్తర ధ్రువానికి ఓ 500 కిలోమీటర్ల పక్క నుంచి పోయి, గ్రీన్‌లాండ్ ఉత్తర కొసకు దగ్గరగా సాగి, కెనడా గుండా మిన్నెసోటా మీదకు, అక్కణ్నుంచి టెక్సాస్‌కు వస్తుంది. మనదీ వాళ్లదీ రేఖాంశాలు దాదాపు 175 డిగ్రీల తేడా. భూమికి ఒక పక్క మనం, సరిగ్గా అవతలి పక్క వాళ్లు. అలాంటి రెండు ఊళ్లకు దగ్గరి దారి ధ్రువం పక్కనుంచే ఉంటుంది. మనకు పొద్దున ఏడైతే చలికాలంలో వాళ్లకు ముందురోజు రాత్రి ఏడున్నర. ఈ పదకొండున్నర గంటల తేడా కూడా ఆ అవతలి పక్క తనంలోంచే వచ్చింది.

ఇంత చక్కటి దారి ఉంది. దాని మీద ఏ విమానమూ నడవదు. హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా విమానం లేదు. చేతకాక కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా ఆగకుండా విమానం నడిపింది. నలుగురు పైలట్లూ ఆడవాళ్లే. కెప్టెన్ జోయా అగర్వాల్‌తో పాటు ఆ నలుగురిలో పాపగారి తన్మయి అనే పేరు పేపర్లో చదివి మా ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఆ రెండు ఊళ్ల మధ్య సూటి దూరం కూడా దాదాపు 14,000 కిలోమీటర్లే. అదే నెల 15న హైదరాబాద్ నుంచి షికాగోకు కూడా నేరు విమానం మొదలైంది, వారానికి ఒకటి. అది ఎక్కువ కాలం నిలవలేదు. అంత దూరం ఆగకుండా పోవాలంటే విమానం బయలుదేరేటప్పటి బరువులో మూడో వంతుకు పైగా ఇంధనమే ఉంటుంది. ఆ ఇంధనాన్ని మోయడానికి మళ్లీ ఇంధనం కాలాలి. నిత్యం సీట్లు నిండితే తప్ప గిట్టదు.

కాబట్టి మనవాళ్లు గల్ఫ్ మీదుగా పోతారు. హైదరాబాద్ నుంచి దుబాయి సుమారు 2,550 కిలోమీటర్లు. దుబాయి నుంచి డాలస్ సుమారు 12,940. ఎమిరేట్స్ ఈ దారి 2012లో మొదలుపెట్టింది, దోహా నుంచి ఖతార్ ఎయిర్‌వేస్ 2014లో. రెండూ కలిపితే 15,500 కిలోమీటర్ల లోపే. చూడ్డానికి ఎంతో చుట్టు తిరిగినట్టు ఉండే ఈ దారి, గ్లోబు మీద బిగువుగా లాగిన దారం కంటే వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. దుబాయి నుంచి డాలస్ పోయే విమానం కూడా అట్లాంటిక్ నడిబొడ్డుకు దిగకుండా ఉత్తరానికే ఎక్కుతుంది. పోయేటప్పుడు పదహారు గంటలు పైనే, వచ్చేటప్పుడు పదిహేను గంటల లోపే. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది, ఇంటికి వచ్చేవాళ్లను అది వెనకనుంచి తోస్తుంది. ఆ గంటన్నర మిగులు ఎంత అమూల్యమో టెంటు కింద కూర్చున్నవాళ్లకు తెలుసు.

ఈ రెండు కొసల గురించి ఇంకో మాట చెప్పాలి. మా అమ్మాయి అక్కడ ఇల్లు కొన్న కొత్తలో ఫోను చేసి, "నాన్నా, ఇక్కడ ఎండాకాలం ఇంటి పునాదుల చుట్టూ నీళ్లు పెట్టాలంట, లేకపోతే గోడలు బీటలిస్తాయంట" అని చెప్పింది. నాకు వెంటనే అర్థమైంది. అది నల్లరేగడి. డాలస్, ప్లేనో, ఫ్రిస్కో ఉన్న నేలను అక్కడివాళ్లు బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విడుస్తుంది. మార్టూరు చుట్టూ ఉన్న పొలాలదీ అదే గుణం. వానాకాలం చెప్పు దిగితే మళ్లీ రాని నేల, వేసవిలో దూడ కాలు ఇరుక్కునే నేల. ఆ నేలలో పత్తి పండుతుంది కాబట్టే డాలస్ ఒకప్పుడు పేరున్న పత్తి బజారు అయింది. టెక్సాస్ ఇప్పటికీ అమెరికాలో పత్తి ఎక్కువగా పండించే రాష్ట్రం. 1987–88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఊడ్చిపెట్టినప్పుడు అప్పులు తీరక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ దెబ్బ తర్వాత ఈ ప్రాంతపు ఇళ్లల్లో పిల్లల్ని నేల మీద ఉంచకూడదనే పట్టుదల గట్టిపడిందని నా నమ్మకం. పత్తి నేల మీద నుంచి పిల్లల్ని లేపి పంపించాం. వాళ్లు 14,400 కిలోమీటర్లు పోయి మళ్లీ పత్తి నేల మీదే ఇళ్లు కట్టుకున్నారు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ దూరం కొంచెం తగ్గినట్టు అనిపిస్తుంది. ఎందుకో చెప్పలేను, మట్టిని నమ్ముకున్న ఇంట్లో పుట్టినందుకు కావచ్చు.

ఇక అసలు లెక్కకు వస్తాను. విమానాశ్రయాల మధ్య దూరం విమానాలకు సరిపోతుంది. మనుషులు విమానాశ్రయాల్లో ఉండరు కదా. మార్టూరు నుంచి శంషాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. చిలకలూరిపేట మీదుగా నరసరావుపేట, పిడుగురాళ్ల, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి మిర్యాలగూడ, నార్కట్‌పల్లి, ఆపైన ఔటర్ రింగు రోడ్డు. టీకి, భోజనానికి ఆగితే ఆరు గంటలు. దిగబెట్టడానికి ఇద్దరు ముగ్గురు ఎలాగూ ఎక్కుతారు కాబట్టి కిరాయి ఇన్నోవానే. మొత్తం ప్రయాణంలో ఈ రోడ్డు దూరం నూటికి రెండు వంతులు, కాలంలో మాత్రం ఆరో వంతు. విమానం ఎక్కడానికి మూడు గంటల ముందు చేరాలి. దుబాయిలో మూడు నాలుగు గంటలు ఆగాలి. దిగాక పాస్‌పోర్టు వరస, సామాను బెల్టు దగ్గర నిలబడటం. అన్నీ సవ్యంగా కుదిరితే అక్కడి గుమ్మం నుంచి ఇక్కడి గుమ్మానికి ఒకటిన్నర రోజు. అందులో విమానం గాల్లో ఉండేది సగం కంటే కొంచెం ఎక్కువ.

మా ఊరి ముందు నుంచి పోయే జాతీయ రహదారి మీద, ఒంగోలు వైపు పోతే, రేణింగవరం–కొరిశపాడు దగ్గర రోడ్డునే విమానాలు దిగేలా వేశారు. 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు. అత్యవసరమైతే యుద్ధవిమానాలు దిగడానికి. 2022 డిసెంబరులో వైమానిక దళం మొదటిసారి అక్కడ పరీక్ష చేసినప్పుడు విమానాలు నేలకు దగ్గరగా వచ్చి లేచిపోయాయి. 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు నిజంగానే దిగి, మళ్లీ ఎగిరాయి. విమానం దిగేంత రోడ్డు మా ఇంటికి అంత దగ్గరలో ఉంది. ఆ పరీక్ష గురించి చెప్పినప్పుడు మా వీధిలో ఒక పెద్దావిడ, "మరి మా వాణ్ని అక్కడ దించకూడదా?" అంది. ఆవిడ కొడుకు అట్లాంటాలో ఉంటాడు. నవ్వుకోవలసిన మాటగా నాకు అనిపించలేదు. ఆవిడ అడిగింది సరైన ప్రశ్న. విమానానికి ఇంత చేరువ అయిన రోడ్డు పక్కన ఉండి కూడా, ఆవిడ కొడుకు కోసం అర్ధరాత్రి శంషాబాద్ దాకా కారు ఎందుకు పోవాలి?

వేగం పెరిగితే ఈ బాధ తీరుతుందా అంటే, వేగం పెరగలేదు. ఎయిర్ ఇండియా బోయింగ్ 707 జెట్ విమానం బొంబాయి నుంచి న్యూయార్క్‌కు 1960 మే 14న బయలుదేరింది. అది గంటకు దాదాపు 900 కిలోమీటర్ల వేగంతో పోయేది. ఇప్పటి 777 కూడా అంతే వేగంతో పోతోంది. శబ్ద వేగానికి దగ్గరపడేకొద్దీ గాలి ఎదురు ఒక్కసారిగా పెరుగుతుంది, ఇంధనం విపరీతంగా కాలుతుంది. ఆ గీత దాటి శబ్దానికి రెండింతల వేగంతో పోయిన కాంకార్డ్ 1976 నుంచి 2003 దాకా నడిచి ఆగిపోయింది. అరవై ఏళ్లలో విమానాలు పొదుపరులయ్యాయి, చప్పుడు తగ్గింది, రెండు ఇంజన్లతోనే సముద్రాలు దాటుతున్నాయి, టికెట్టు మధ్యతరగతికి అందింది. గంటకు 900 మాత్రం అలాగే ఉంది.

మారింది కబురు వేగం. నాకు కనిపించిన అసలు సంగతి ఇదే, దీని కోసమే ఇదంతా రాస్తున్నాను.

చాలా కాలం పాటు కబురూ మనిషీ ఒకే వేగంతో నడిచాయి. కబురు అంటేనే ఒక మనిషి. చిలకలూరిపేటలో అల్లుడు పోయాడంటే ఒకాయన నడిచో, బండి మీదో వచ్చి చెప్పేవాడు. విన్నవాళ్లు అదే బండిలో వెనక్కి పోయేవాళ్లు. కబురు రావడానికి ఎంత పట్టిందో, మనిషి చేరడానికీ అంతే పట్టేది. తంతి వచ్చాక మొదటిసారి ఈ రెండూ విడిపోయాయి. టెలిగ్రాం వచ్చిందంటే కవరు చించకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. ఆ తంతి సేవ 2013 జులైలో మూతపడింది. అయినా తంతి కాలంలో దూరం ఇంతగా వేధించేది కాదు, మనిషి రాలేడని అందరూ ముందే ఒప్పుకునేవాళ్లు. 1946లో పెట్టిన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివినవాళ్లు, 1965లో అమెరికా వలస చట్టం మారాక, పెద్ద సంఖ్యలో అక్కడికి వెళ్లారు. వాళ్ల అమ్మానాన్నలు పోయినప్పుడు ఇక్కడ ఎవరూ ఆగలేదు. తమ్ముడో, అన్న కొడుకో కొరివి పెట్టేవాళ్లు. నీలం రంగు ఎయిర్ లెటర్ పది పదిహేను రోజులకు అక్కడ చేరేది. ఆ ఉత్తరం చేరేసరికి ఇక్కడ పెద్దకర్మ కూడా అయిపోయేది. అక్కడి కొడుకు ఒంటరిగా ఏడ్చి ఊరుకునేవాడు. అది క్రూరమైన దూరమే. అయినా ఆ దూరంలో ఎవరికీ ఆశ లేదు, ఆశ లేకపోవడం వల్ల పరుగూ లేదు.

ఇప్పుడు నాన్న ఊపిరి అందక ఇబ్బంది పడుతుండగానే వీడియోలో కనిపిస్తాడు. ఆస్పత్రి మంచం, గుండె గీతల తెర, పక్కన అమ్మ ముఖం, అన్నీ ఆ క్షణానికి ఆ క్షణం అక్కడ ఫ్రిస్కోలో వంటింటి గట్టు మీద కనిపిస్తాయి. పోయిన నిమిషం కూడా తెలుస్తుంది. కబురుకు ఇక దూరం లేదు. మనిషికి మాత్రం 1960లో ఉన్న దూరమే ఉంది. కబురుకూ మనిషికీ మధ్య పడ్డ ఈ ఒకటిన్నర రోజు ఖాళీ మన తాతలకు తెలియదు. కబురు అందిన నిమిషం నుంచి మనిషి గుమ్మం తొక్కే నిమిషం దాకా ఉన్నది ఎంతో, మనవాళ్లకు దూరం అంటే అంత. కిలోమీటర్లు ఆ లెక్కలోకి రావు.

ఆ ఖాళీని నింపడానికి మా ఊళ్లలోకి ఫ్రీజర్ బాక్సు వచ్చింది. నా చిన్నప్పుడు మంచు దిమ్మలు కూడా అరుదు. చీకటి పడేలోపు కార్యక్రమం అయిపోవాలనేవాళ్లు. ఇప్పుడు ఏ మండల కేంద్రంలో చూసినా అద్దాల మూతతో ఈ బాక్సులు అద్దెకు దొరుకుతాయి, కొన్ని చోట్ల సేవా సంఘాలు ఉచితంగా పంపిస్తాయి. దానితో పాటే స్టెబిలైజర్, కరెంటు పోతే జనరేటర్. విమాన ప్రయాణ కాలం మార్టూరు వీధుల్లో ఏ రూపంలో ఉందో చూడాలంటే ఆ బాక్సును చూడాలి. దుబాయి విమానం నాలుగు గంటలు ఆలస్యమైతే ఇక్కడ జనరేటర్ డీజిలు ఇంకో క్యాను పోయాలి.

ఆగడం అంత తేలిక కాదు. శవం ఇంట్లో ఉన్నంతసేపూ ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పక్కింటివాళ్లు కాఫీ ఫ్లాస్కులు, పులిహోర పట్టుకొస్తారు. షుగర్ ఉన్న ముసలమ్మలు తినక, పడుకోక, ఆ బాక్సు పక్కనే కూర్చుని నీరసించిపోతారు. ఏడుపు మొదటి రాత్రికే ఇంకిపోతుంది. రెండో పొద్దుకు ఇంట్లో ఉన్నది దుఃఖం కూడా కాదు, ఎదురుచూపు. ఫోను మోగితే చాలు అందరి తలలూ లేస్తాయి. "ఇమిగ్రేషన్ అయిందంట, కారు ఎక్కాడంట." "మిర్యాలగూడ దాటారంట." ఆ మాటలు వింటూ పాడె కట్టేవాళ్లు వెదురు సిద్ధం చేసుకుంటారు. కారు ఆగుతుంది. వాడు దిగుతాడు. రెండు రాత్రులు నిద్ర లేని కళ్లతో అద్దంలోంచి తండ్రి ముఖం చూస్తాడు. గంటలోపు లేపుతారు. వాడికి కూర్చుని ఏడవడానికి కూడా వ్యవధి ఉండదు.

నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి, తండ్రి పోయినప్పుడు అలాగే వచ్చాడు. అన్నీ అయ్యాక ఒక సాయంత్రం నా దగ్గర కూర్చుని చెప్పాడు.

"మాస్టారూ, డాలస్ నుంచి దుబాయిదాకా పక్క సీటాయన నాతో క్రికెట్ గురించి మాట్లాడాడు. చెప్పలేకపోయాను. చెబితే ఆయన భోజనం మానేస్తాడనిపించింది."

"మరి నువ్వు తిన్నావా?"

"తిన్నాను మాస్టారూ. వాళ్లు పెట్టింది పెట్టినట్టు తిన్నాను. ముందు తెర మీద విమానం ఎక్కడుందో చూస్తూ కూర్చున్నాను. గ్రీన్‌లాండ్ దాటింది, నార్వే వచ్చింది. మీరు గ్లోబు మీద దారం పెట్టి చూపించింది గుర్తొచ్చింది."

ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆ పాఠం నాకు ముందులాగా లేదు. ఇక్కడ టెంటు కింద ఫోనులో పసుప్పచ్చ బొమ్మను చూస్తున్నవాళ్లూ, అక్కడ సీటు ముందు తెర మీద అదే బొమ్మను చూస్తున్న వాడూ. అన్ని గంటలూ వాళ్లంతా కలిసి ఒకే దాన్ని చూస్తున్నారు, ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలు లేకుండా.

ఇంత కష్టపడి రాగలిగినవాళ్లు అదృష్టవంతులే. రాలేనివాళ్ల సంగతి వేరు. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరిపోయి ఉంటే, అక్కడ చట్టబద్ధంగానే ఉద్యోగం చేసుకుంటున్నా, ఇక్కడికి వస్తే తిరిగి పోవడానికి కాన్సులేట్‌లో మళ్లీ ముద్ర వేయించుకోవాలి. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2008లో వచ్చింది, అంతకు ముందు మద్రాసు పోయేవాళ్లం. కాన్సులేట్ దగ్గరికి వచ్చినా తేదీ దొరకడం గగనం. భార్య, పిల్లలు అక్కడ, ఇంటి అప్పు అక్కడ, తండ్రి ఇక్కడ బాక్సులో. అలాంటి వాడికి 14,400 కిలోమీటర్ల అంకెతో పని లేదు. కోవిడ్ వచ్చినప్పుడు అందరికీ అదే గతి పట్టింది. 2020 మార్చి 23 నుంచి రెండేళ్ల పాటు, 2022 మార్చి 27 దాకా, మన దేశం మామూలు అంతర్జాతీయ విమానాలు నడపనివ్వలేదు. ప్రత్యేక విమానాలు కొన్ని తిరిగినా, మొదటి నెలల్లో పోయినవాళ్ల పిల్లలు ఫోనులో చితి చూశారు. 2025 జూన్‌లో ఇరాన్ యుద్ధం వేళ ఖతార్ ఆకాశం కొన్ని గంటలు మూసేస్తే దోహా మీదుగా వచ్చేవాళ్లంతా ఎక్కడివాళ్లు అక్కడ నిలబడిపోయారు. గ్లోబు మీది దారం అలాగే ఉంటుంది, దాని కిందనున్న దేశాలు తలుపులు వేస్తూ తీస్తూ ఉంటాయి.

అటునుంచి ఇటు పరుగుల సంగతే చెబుతున్నాను గానీ, ఇటునుంచి అటు పోయే అమ్మానాన్నల తెగువ కూడా చిన్నది కాదు. కూతురి పురిటికని తెలుగు తప్ప వేరే భాష రాని తల్లి ఒంటరిగా బయలుదేరుతుంది. పిల్లలు టికెట్టులోనే "వీల్‌చైర్ పెట్టించాం" అంటారు. కాళ్లు బాగానే ఉన్నా, దుబాయిలో గేటు వెతుక్కోలేదు కాబట్టి. మిరపకాయలు కోసిన చేతులతో, పత్తి తీసిన చేతులతో, ఒళ్లో పాస్‌పోర్టు పట్టుకుని ఆ కుర్చీలో కూర్చుని, ఎవరో తోస్తుంటే, ఎక్కడికో తెలియని గేటుకు నమ్మకంతో పోయే ఆ తల్లులను నేను మనసారా గౌరవిస్తాను. ధ్రువం పక్కనుంచి పోయిన పైలట్లకు ఉన్న ధైర్యం కంటే అది తక్కువేమీ కాదు.

మరి ఈ ఒకటిన్నర రోజును తగ్గించే దారి ఏది? విమానం వేగం మన చేతిలో లేదు. రోడ్డు ఆరు గంటలు మన చేతిలో ఉంది. గన్నవరం మాకు సుమారు 120 కిలోమీటర్లు, రెండు రెండున్నర గంటలు. 2017లో దానికి అంతర్జాతీయ హోదా ఇచ్చారు. 2018 డిసెంబరులో సింగపూర్‌కు విమానం మొదలై, నిండా ఏడాది తిరగకుండానే ఆగిపోయింది. 2022 అక్టోబరులో షార్జాకు మొదలైంది. గల్ఫ్‌లో అమెరికా విమానం బయలుదేరే వేళకు సరిగ్గా అందేలా గన్నవరం నుంచి ఒక్క కనెక్షన్ రోజూ ఉంటే, గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల ఇళ్లకు మూడు నాలుగు గంటలు మిగులుతాయి. మనుషులు చనిపోయినప్పుడు కాన్సులేట్‌లో ముద్రకు తేదీ రెండు మూడు రోజుల్లో ఖాయంగా దొరికితే కొందరికి వారాలు మిగులుతాయి. ఈ రెండూ అడగదగ్గవే, అసాధ్యమైనవి కావు. మా ప్రాంతపు ప్రతినిధులు రోడ్లు అడిగినంత గట్టిగా వీటిని అడగాలని నా కోరిక.

ఈలోపు ఇళ్లల్లో మాట్లాడుకోవలసిన మాట ఒకటుంది. ఆగాలా, ఆగితే ఎంతసేపు అన్నది చావింట్లో తేల్చే సంగతి కాదు. అక్కడ ఆగమన్న వాళ్లదీ, వద్దన్న వాళ్లదీ మనసు నొచ్చుకుంటుంది. అందుకని మొన్న సంక్రాంతికి మా అమ్మాయి వచ్చినప్పుడు నేనే కదిలించాను.

"నేను పోతే ఒక రాత్రి ఆపుతారు. రెండో పొద్దు గుంకనివ్వద్దని మీ అమ్మకూ బాబాయికీ చెప్పి ఉంచాను. నువ్వు దొరికిన టికెట్టల్లా కొని పరిగెత్తొద్దు. అల్లుణ్నీ పిల్లల్నీ వెంటబెట్టుకుని నిదానంగా పెద్దకర్మకు రా."

అది కోపంతో లేచి వరండాలోకి పోయింది. వాళ్లమ్మ వెనకాలే వెళ్లింది. కాసేపటికి తిరిగొచ్చి ఎదురుగా కూర్చుని, ఆఫీసు లెక్కలు చెప్పినట్టు చెప్పింది.

"సరే నాన్నా. ఒక రాత్రి అన్నావు కదా, దాన్ని ఒక రాత్రీ ఒక పగలూ అనుకుందాం. సాయంత్రం అయిదు దాకా ఆపమను. ఆ లోపు చేరడానికి ఏ విమానాలు ఉన్నాయో చూసి పెట్టుకుంటాను. గన్నవరం కనెక్షన్ వస్తే లెక్క మళ్లీ రాద్దాం. కొరివి సంగతి మాత్రం ఇప్పుడే చెబుతున్నా. అందుకుంటే నేనే పెడతాను. అందుకోకపోతేనే తమ్ముడు."

తమ్ముడంటే మా తమ్ముడి కొడుకు. సాయంత్రం అయిదు అన్నదానికీ, కొరివికీ, రెంటికీ ఒప్పుకున్నాను. ఆ రాత్రే మా తమ్ముడికి ఫోను చేసి చెప్పాను.